కెటూరా ఓటు

కెటూరా ఎక్కడ నిలబడినా ముందు కుడి మడమతో నేలను ఒత్తి చూసేది. కరకట్ట మీద నడిచే మనుషులకు అది మామూలే. నీటి ఎలుకలు కట్టను లోపల్నుంచి తొలుస్తాయి. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, మడమ ఒత్తితే గాని డొల్ల తెలియదు. మిగతావాళ్లు ఆ అలవాటును కట్ట మీదే వదిలేసి ఇంటికొస్తారు. ఆమె వదల్లేదు. ప్రార్థన ఇంట్లో బల్ల మీద కూర్చోబోయే ముందు ఒత్తేది. అంగట్లో ఒత్తేది. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం దాటగానే ఒత్తేది.

"మా ఇంటి నేలను ఇంకా ఎలుకలు కొట్టలేదులే, రా" అనేవాళ్లు మా వాగు ఒడ్డు ఆడవాళ్లు.

ఆమె నవ్వేది కాదు. లోపలికి వచ్చేది.

మాది న్యూజెర్సీలో అలోవే వాగు డెలవేర్ నదిలో కలిసే చోటు. నది కంటే నేల పల్లం. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. తాతల నాడు వాగు పొడవునా కట్ట వేసి, తూములు పెట్టి, ఉప్పునీటిని అవతల ఆపి, చౌడును గడ్డిభూమి చేశారు. ఎవరి భూమి ముందున్న కట్టను వాళ్లే చూసుకోవాలి. ఒకరి ముక్క తెగితే అందరి భూమీ ఉప్పు తింటుంది. అందుకని కట్ట సంఘం ఒకటి ఉంది. వసంతంలో భూమి ఉన్నవాళ్లంతా పెద్ద తూము దగ్గర చేరి, ఒక పెద్దను ఎన్నుకుని, చేతులెత్తి పనులు నిర్ణయిస్తారు. సంఘం ఒప్పందంలో ఒక్క మాట మార్చాలన్నా భూమి ఉన్న ప్రతి మనిషీ రావాలి. ఒకరు చలిజ్వరంతో మంచాన పడితే, ఆ మనిషి లేచేదాకా ఆగుతారు.

హక్కు అంటే ఏమిటో కెటూరా మొదట అక్కడే నేర్చుకుంది. రాష్ట్రం కూడా ఒక పెద్ద కట్ట సంఘమే అనుకుంది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

1776 వేసవిలో ఆమెకు పద్దెనిమిదేళ్లు. ఆ ఏడు వాళ్ల నాన్న గడ్డికోతకు పైపొలాల నుంచి ఎలిషా థార్న్‌బెరీ వచ్చాడు. పొడుగ్గా ఉండేవాడు. కొడవలి సరిగ్గా పట్టడం రాదు. మధ్యాహ్నం ఓక్ చెట్ల కింద అందరూ చల్లటి పందిమాంసం, ఆపిల్ సారా ముందు పెట్టుకుని కూర్చుంటే, అతను టోపీలోంచి నలిగిన కాగితాలు తీసి గట్టిగా చదివేవాడు. మనిషికున్న హక్కులు ఏ రాజూ ఇచ్చినవి కావు, పుట్టుకతో వచ్చినవి. రాజు ఇవ్వనిదాన్ని రాజు తీసుకోలేడు. జనం ఒప్పుకుంటేనే ఏలుబడి. కోతగాళ్లు నములుతూ వినేవాళ్లు.

"అందరూ సమానంగా పుట్టారు" అని చదివి ఎలిషా తలెత్తాడు.

"అందరూ అంటే?" అంది కెటూరా. ఆమె నీళ్ల కుండతో నిలబడి ఉంది.

"అందరూ అంటే అందరే."

"నేనూనా?"

కోతగాళ్లు నవ్వారు. ఎలిషా నవ్వలేదు. 

"నువ్వు కూడా పుట్టావు కదా" అన్నాడు. "అయితే నువ్వూనే."

ఆ వేసవిలోనే న్యూజెర్సీకి కొత్త రాజ్యాంగం వచ్చింది. కొంత ఆస్తి ఉండి ఇక్కడే కాపురమున్న నివాసులందరికీ ఓటు అని అందులో రాశారు. ఎలిషా దాన్ని తెచ్చి ఆమెకు చూపించాడు. "ఎక్కడైనా మగ అనే మాట ఉందేమో వెతుకు" అన్నాడు. ఆమె వేలు పెట్టుకుని వెతికింది. లేదు.

తర్వాత అతను తుపాకీ పట్టుకుని రాజు మీద యుద్ధానికి పోయాడు. మేం స్నేహితుల సభ అనే క్రైస్తవ శాఖ వాళ్లం, మాలో ఎవరూ ఆయుధం పట్టకూడదు. సభ అతన్ని వెలివేసింది. అతను తిరిగొచ్చేసరికి కెటూరాకు నేథన్ రిడ్జ్‌లీతో పెళ్లయిపోయింది.

నేథన్ చెడ్డవాడు కాదు. నిద్రమనిషి. పెళ్లైన కొన్నేళ్లకు ఆమె తండ్రి పోయాడు. ఒక్కతే కూతురు కాబట్టి గడ్డిభూమి ఆమెకు రావాలి. పెళ్లైంది కాబట్టి నేథన్ చేతికి వెళ్లింది. కట్ట సంఘంలో నేథన్ ముందు వరసలో కూర్చునేవాడు. ఆమె వెనక కూర్చుని మేజోళ్లు అల్లేది. ఎత్తాల్సిన చోట నేథన్ చెయ్యి ఎత్తకపోతే అల్లిక సూదితో వీపులో పొడిచేది. చెయ్యి లేచేది.

"నేథన్ బుర్ర కన్నా వీపు తెలివైంది" అని సంఘం పెద్ద ఒకసారి అందరి ముందూ అన్నాడు. అందరితో పాటు నేథనూ నవ్వాడు. కెటూరా ముఖం ఎర్రబడింది. ఇంటికొచ్చాక అతనితో రెండు రోజులు మాట్లాడలేదు. అతనికి కారణం తెలియలేదు.

ఒక శరత్కాలంలో చలిజ్వరం వచ్చి నేథన్ పోయాడు. పిల్లల్లేరు. భూమి తిరిగి ఆమెదైంది. ఆ వసంతంలో ఆమె తూము దగ్గర ముందు వరసలో కూర్చుని తన చెయ్యి తనే ఎత్తింది. అదే ఏడు రాష్ట్రం ఓటు చట్టాన్ని తిరగరాసి, ఓటరు గురించి చెప్పేచోట 'అతను లేక ఆమె' అని స్పష్టంగా పెట్టింది. పదో నెల, అంటే అక్టోబరులో ఎన్నికలు. సత్రంలో బల్ల వేశారు. ఆమె ఉతికిన టోపీ పెట్టుకుని వెళ్లి ఓటు వేసి వచ్చి, మధ్యాహ్నం కట్ట మీద మన్ను మోసింది. ఎలా ఉందని అడిగితే, "తొందరగా అయిపోయింది" అంది.

ఎలిషా అప్పటికి వాగుకు అవతల మెట్ట మీద పొలం కొనుక్కుని ఒంటరిగా ఉంటున్నాడు. పెళ్లి చేసుకోలేదు. మూడేళ్ల తర్వాత ఒక సాయంత్రం పెద్ద తూము దగ్గర ఆమెను అడిగాడు.

"నా ఇల్లు మెట్ట మీద ఉంది. పొగగొట్టం పొగను బాగా లాగుతుంది" అన్నాడు.

"చూశాను."

"ఒక్కణ్ణే ఉంటున్నాను."

"అదీ చూశాను."

"మరి అభ్యంతరం ఏమిటి? సభ వాళ్లు ఒప్పుకోరనా?"

"వాళ్లు నాలుగు నెలలు ముఖం తిప్పుకుంటారు. అది కాదు."

"నేనా?"

"నువ్వూ కాదు." ఆమె తూము తలుపు వైపు చూస్తూ మాట్లాడింది. "నిన్ను చేసుకున్న మర్నాడు నా భూమి నీది. నా ఓటు ఎవరిది?"

అతనికి అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"నీకు ఉండదు. కానీ నువ్వు చెప్పినట్టే నేను వేస్తాను. మాటిస్తున్నాను."

"నేథనూ నేను చెప్పినట్టే చేశాడు పాపం. వీపంతా చిల్లులతో పోయాడు."

ఎలిషా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పుట్టుకతో వచ్చిందని నాకు చదివి చెప్పింది నువ్వే" అంది. "పుట్టుకతో వచ్చింది పెళ్లితో ఎలా పోతుంది?"

"చట్టం అలా ఉంది కెటూరా."

"అయితే చట్టం మార్చి రా. అప్పుడు చేసుకుంటాను."

అతను నిజంగానే ట్రెంటన్‌లోని శాసనసభకు అర్జీ రాశాడు. జవాబు రాలేదు. మళ్లీ రాశాడు. ప్రతి శరత్కాలంలో ఆమె అతనికి ఒక జత మేజోళ్లు అల్లి ఇచ్చేది, ఇచ్చేటప్పుడు ఏదో ఒకటి దెప్పేది. అతను చలిజ్వరంతో పడుకుంటే చేదు కషాయం కాచి తీసుకెళ్లి, తాగేదాకా నిలబడేది. అతనంటే ఆమెకు ఇష్టమని మాకందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. తెలిసినకొద్దీ ఆమె కోపం పెరిగింది. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియని కోపం.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా, శాసనసభకు నిలబడే కర్నల్ పెన్‌రోజ్ బండి పంపేవాడు. గుర్రాలకు రిబ్బన్లు కట్టి, వితంతువులనూ పెళ్లికాని ఆడవాళ్లనూ ఇంటింటికీ తిరిగి ఎక్కించుకుని సత్రానికి తీసుకెళ్లేవాడు. అవతలి పార్టీ వాళ్లూ బండి పంపేవాళ్లు. ఎవరి బండి ముందొస్తే వాళ్లకు ఓట్లు. ఒక ఏడు కర్నలే స్వయంగా ఆమె గుమ్మంలోకి వచ్చి టోపీ తీశాడు.

"అమ్మా, మీ ఓటు ఈ దేశానికి చాలా అవసరం" అన్నాడు.

"దేశానికి అవసరం లేని ఏడు కూడా నాదేనా అది?" అంది కెటూరా. మా సభలో జడ్జీనైనా కర్నల్‌నైనా 'నువ్వు' అనే అంటారు. "నువ్వు చెప్పు. నీకు తెలిసుంటుంది."

కర్నల్ పెద్దగా నవ్వాడు. "బండి ఎక్కండమ్మా."

"నాకు కాళ్లున్నాయి" అని ఆమె నడిచి వెళ్లింది. ఓటు అవతలి పార్టీకి వేసిందని తర్వాత తెలిసింది. అవతలి పార్టీ మీద కూడా ఆమెకు నమ్మకం లేదు.

కట్ట పనికి ఆమె ఎప్పుడూ ఎంబ్రోస్‌ను పిలిచేది. ఎంబ్రోస్ నల్లవాడు, స్వతంత్రుడు. వాగు మొత్తం మీద బురద పార పట్టడంలో అతన్ని మించినవాడు లేడు. వాగు చివర చిన్న భూమి ముక్క కొనుక్కుని, దాంతో ఓటు కూడా తెచ్చుకున్నాడు.

"ఎంబ్రోస్, ఇన్నేళ్లయింది. నన్ను నువ్వు అనలేవా?" అంది ఆమె ఒకసారి.

"మీరు నువ్వంటే దైవభక్తి అంటారమ్మా. నేనంటే పొగరంటారు" అన్నాడు ఎంబ్రోస్, పార ఆపకుండానే.

ఆమె మరోసారి కట్ట సంఘం గురించి గొప్పగా చెప్పింది. అక్కడ చిన్నా పెద్దా లేదు, అందరికీ మాట ఉంటుంది అంది. ఎంబ్రోస్ మన్ను గట్టిగా తట్టి, నడుం ఎత్తాడు.

"ఇరవై ఏళ్లు ఈ కట్ట నేనే కట్టానమ్మా. అప్పుడు నాకు కట్ట వెనక భూమి లేదు. నన్నెవరూ పిలవలేదు."

ఆమె ఆ రోజంతా అతని పక్కనే మట్టి మోసింది. చీకటిపడ్డాక కూడా ఆపలేదు. ఎంబ్రోస్ ఇక చాలన్నాడు. ఆమె విసుక్కుంది. అతని మీద కాదు.

1807 చలికాలంలో ఎలిషా వార్తాపత్రిక పట్టుకుని వాగు దాటి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ట్రెంటన్‌లో కొత్త చట్టం చేశారు. ఇకమీద పన్ను కట్టే తెల్ల మగవాళ్లకే ఓటు. చెయ్యెత్తినవాళ్లలో కర్నల్ పెన్‌రోజ్ ఉన్నాడు.

"ఎందుకట?" అంది కెటూరా.

"ఉత్తరాన ఏదో ఊళ్లో ఎన్నికల్లో మోసం జరిగిందట. మగవాళ్లు ఒకసారి ఓటేసి, లంగాలు కట్టుకుని మళ్లీ వచ్చి వేశారట."

"లంగాలు కట్టుకున్నది మగవాళ్లు."

"ఊఁ."

"ఓటు పోయింది మాది."

అతను నేల చూశాడు.

"సంఘం ఒప్పందం మార్చాలంటే అందరూ రావాలి కదా" అంది ఆమె. "నన్ను పిలిచారా? నువ్వు చదువుకున్నావు, నువ్వు చెప్పు. నాకు కబురొచ్చిందా? ఎంబ్రోస్‌కి వచ్చిందా?"

"అది కట్ట సంఘం కాదు కెటూరా. అది శాసనసభ. మామూలు చట్టంతో చేసేశారు."

"రాజ్యాంగాన్ని మామూలు చట్టంతో ఎలా మారుస్తారు?"

"మార్చకూడదు. మార్చారు."

ఆమె అతన్ని గుమ్మంలోనే వదిలేసి వంటింట్లోకి వెళ్లి, అప్పటికే కడిగిన గిన్నెలన్నీ మళ్లీ కడిగింది.

ఆ చట్టంతో ఓటు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆమె పాలేరు జేబెజ్‌కి సెంటు భూమి లేదు, తల పన్ను మాత్రం కట్టేవాడు. ఇప్పుడు అతను ఓటరు. నలభై ఏళ్ల మనిషి, సిగ్గుపడుతూ వచ్చి అడిగాడు.

"ఎవరికి వెయ్యమంటారమ్మా?"

"నాకెందుకు చెప్తావు?"

"నాకేం తెలుసు? మీకు తెలుసు కదా."

చెప్పేస్తే ఒక ఓటు పడుతుంది. ఆమెకు ఆ సంగతి తెలుసు. నేథన్ వీపు కూడా గుర్తుండే ఉంటుంది.

"నీ బుర్రతో నువ్వే ఆలోచించుకో జేబెజ్. నేను పొడవను" అంది. జేబెజ్‌కి సగమే అర్థమైంది.

మరుసటి ఏడు పదో నెలలో ఎన్నికలు వచ్చాయి. మా దగ్గర పోలింగు రెండు రోజులు. ఊరు ఆ ఏడు ఎలిషాను ఎన్నికల జడ్జీగా పెట్టింది. నువ్వెందుకు ఒప్పుకున్నావని కెటూరా ముందే నిలదీసింది. "నేను కాకపోతే కర్నల్ మనిషి కూర్చుంటాడు" అన్నాడు. "కూర్చుంటే ఏం మారుతుంది?" అంది ఆమె. 

మొదటి రోజు పది గంటలకు ఆమె సత్రానికి వెళ్లింది. గుమ్మంలో మడమ ఒత్తింది. లోపల మగవాళ్లు పొగాకు నములుతూ వరసలో నిలబడి ఉన్నారు. ఎంబ్రోస్ గోడవారగా టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమెను చూసి, తన చీటీ తీసుకోలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, బయటికి వెళ్లిపోయాడు. ఆమె వరసలో చేరింది. ముందున్న జేబెజ్ పక్కకు తప్పుకోబోయాడు. "నీ చోట నువ్వుండు" అంది.

బల్ల మీద చెక్కపెట్టె. ఓటరు చీటీని జడ్జీ చేతికిస్తాడు. జడ్జీ ఓటరు పేరు గట్టిగా పలుకుతాడు, గుమాస్తా రాసుకుంటాడు, చీటీ పెట్టెలో పడుతుంది. జేబెజ్ పేరు పలికారు. చీటీ పడింది.

కెటూరా చీటీ అందించింది. ఎలిషా తీసుకున్నాడు. అలవాటుగా తీసుకున్నాడో, కావాలనే తీసుకున్నాడో. చీటీ అతని చేతిలో, చెయ్యి పెట్టె పైన. 

"పలుకు" అంది ఆమె.

అతను నోరు తెరిచాడు. గుమాస్తా కలం పక్కన పెట్టాడు. వరసలోంచి ఎవరో, "ముసలామెకి ఒక గ్లాసు పోసి పంపించెయ్యి ఎలిషా, పొద్దెక్కుతోంది" అన్నారు. కొందరు నవ్వారు.

"నావల్ల కాదు కెటూరా" అన్నాడు ఎలిషా, ఆమెకు మాత్రమే వినపడేలా. "వేస్తే ఊరి ఓట్లన్నీ రద్దు చేస్తారు."

"నేను పుట్టలేదా?"

"పుట్టావు."

"మరి?"

అతను చీటీని మడిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని జేబులో వేసుకుంది. వెనకవాళ్లు ముందుకు తోశారు. ఆమె బయటికి నడిచింది.

పొద్దువాలే వేళకు ఎలిషా ఆమె ఇంటికి వచ్చాడు. ఆమె మెట్ల మీద కూర్చుని ఎండు చిక్కుడుకాయలు వలుస్తోంది. అతను కింది మెట్టు మీద కూర్చున్నాడు. కాళ్లకు ఆమె అల్లిన మేజోళ్లే ఉన్నాయి. 

"ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు" అన్నాడు.

"అడుగు."

"ఓటు ఎలాగూ పోయింది. ఇప్పుడింక అడ్డేముంది?"

ఆమె చేతులు ఆగిపోయాయి. అతను మంచికే అన్నాడు. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మనిషి, తల నెరిసింది. ఆమె అతని ముఖం చూసింది, కాళ్లకున్న మేజోళ్లు చూసింది.  ఒళ్లో ఉన్న గిన్నె పక్కన పెట్టింది.

"వాళ్లు తీసుకున్నారు కాబట్టి నేను ఇచ్చేసినట్టా?" అంది.

"నేనలా అనలేదు."

"అలాగే అన్నావు ఎలిషా."

"మనిద్దరికీ వయసైపోతోంది."

"అయిపోతోంది. నాకు ఏడుపొస్తోంది, అది కూడా చూడు." ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. "ఇన్నేళ్లు నీకు కాదని చెప్పింది దీనికోసం. ఇప్పుడు అవునంటే, నేను దాచుకున్నది ఏమీ లేదని అర్థం. ఊరికే నిన్ను ఒంటరిగా కూర్చోబెట్టానని అర్థం."

అతను లేచి నిలబడ్డాడు. టోపీ పెట్టుకున్నాడు.

"రేపు కూడా పోలింగు ఉంది కదా?" అంది ఆమె.

"ఉంది."

"ఎప్పుడు తెరుస్తావు?"

"ఎనిమిదింటికి. కెటూరా, రేపు కూడా నేను వెయ్యలేను."

"నేను అడిగింది ఎప్పుడు తెరుస్తావని."

మర్నాడు పొద్దున ఆమె ఆవుల్ని జేబెజ్‌కి అప్పగించి, పాలు పితికే ముక్కాలిపీట చంకన పెట్టుకుని సత్రానికి నడిచింది. ఎలిషా తలుపు తీసేసరికి గడపలో ఉంది. వరసలో అందరికంటే ముందు చీటీ అందించింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె వాదించలేదు. పీటను బల్ల పక్కన, పెట్టెకు చెయ్యి చాపినంత దూరంలో వేసుకుని కూర్చుంది. తర్వాతివాడు వచ్చాడు. ఎలిషా అతని పేరు పలికాడు. గుమాస్తా రాసుకున్నాడు, చీటీ పెట్టెలో పడింది.

"కెటూరా రిడ్జ్‌లీ" అని ఆమె పలికింది, అంతే గట్టిగా.

గుమాస్తా కలం ఆగింది. ఎలిషా ముందుకు చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాతివాడు వచ్చాడు. పేరు పలికారు. ఆమె మళ్లీ తన పేరు పలికింది. మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, తర్వాత మాట్లాడకుండా చీటీ ఇచ్చి వెళ్లిపోసాగారు. కర్నల్ మనిషి ఒకడు ఆమెను బయటికి పంపించమన్నాడు. "కూర్చోకూడదని చట్టంలో లేదు" అన్నాడు ఎలిషా. మధ్యాహ్నానికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఎలిషా తన గ్లాసులో నీళ్లు పోసి బల్ల మీదుగా ఆమె వైపు తోశాడు. ఆమె తాగింది. తర్వాతివాడి పేరు పలికేదాకా ఆగి, మళ్లీ పలికింది.